లైట్‌హౌస్ సీఐ: చాన్నాళ్లు వాడాక

మాది తెలుగు వార్తల సైట్. ఒకప్పుడు ఎవరైనా ఫోన్ చేసి "సైట్ స్లోగా ఉంది" అంటేనే, పేజీ వేగానికి స్కోరిచ్చే పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ తెరిచేవాళ్లం. స్కోరు కనిపించేది సరే, పోయిన నెల ఎంతుందో ఎవరికీ తెలిసేది కాదు. లైట్‌హౌస్ సీఐ పెట్టాక ఆ బాధ పోయింది. గూగుల్ క్రోమ్ టీమ్ తెచ్చిన ఉచిత టూల్ ఇది. కోడ్ మారిన ప్రతిసారీ మనం చెప్పిన పేజీలను క్రోమ్‌లో తెరిచి కొలుస్తుంది.

సెటప్‌కి ఒక కాన్ఫిగ్ ఫైలు చాలు. కాకపోతే ఆ టూల్‌తో వచ్చే తాత్కాలిక పబ్లిక్ స్టోరేజ్‌లో రిపోర్టులు కొద్ది రోజులే ఉంటాయి. నెలల తరబడి చూసుకోవాలంటే సొంత సర్వర్ పెట్టుకోవాల్సిందే. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌తో మొదలుపెట్టినా ఇబ్బంది లేదు.

స్కోరును మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. ఏమీ మార్చని పేజీకే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వస్తుంది. మామూలుగా మూడుసార్లు పరీక్షిస్తుంది, మేం ఐదు పెట్టాం, అయినా కాస్త ఊగుతుంది. అందుకే స్కోరు తగ్గితే హెచ్చరిక మాత్రమే. జావాస్క్రిప్ట్ సైజు, ఫాంట్ల సైజు, సీఎల్ఎస్ (పేజీ లోడయ్యాక అందులోవి ఎంత కదులుతున్నాయో చెప్పే కొలత) హద్దు దాటితేనే బిల్డ్ ఫెయిల్, అంటే ఆ మార్పు ముందుకెళ్లదు. రోజూ "నాన్నా పులి" అంటుంటే, నిజంగా వచ్చిన రోజు ఎవరు పట్టించుకుంటారు?

దీని విలువ బాగా తెలిసింది హెడ్డింగుల ఫాంట్ మార్చినప్పుడు. అప్పటిదాకా నేలబారుగా ఉన్న సీఎల్ఎస్ గీత ఒక్కసారిగా లేచింది. ముందు ఫోన్‌లో ఉన్న ఫాంట్ కనిపించి, తర్వాత మా ఫాంట్ దిగుతోంది. గుడులు, ఒత్తుల ఎత్తు ఒక్కో ఫాంట్‌లో ఒక్కో రకం. రెండు లైన్ల హెడ్డింగు మూడు లైన్లై, కింద ఫొటోను తోసేస్తోంది. లైన్ హైట్ బిగించి, మొదట కనిపించే ఫాంట్‌కి సైజ్-అడ్జస్ట్ (అక్షరాల సైజును సరిచేసే సీఎస్ఎస్ సెట్టింగ్) రాశాక గీత కిందికి దిగింది. ఇంకోమాట: పరీక్ష నడిచే లినక్స్ మెషిన్‌లో తెలుగు ఫాంట్ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే వెబ్ ఫాంట్ వచ్చేదాకా ఖాళీ డబ్బాలే కనిపిస్తాయి. అలా వచ్చిన కొలతకూ పాఠకుడి ఫోన్‌కూ పొంతన ఉండదు.

కోడ్ ముట్టుకోకపోయినా సైట్ బరువెక్కుతుంది. ఓ యాడ్ కంపెనీ స్క్రిప్టు చెప్పాపెట్టకుండా పెరిగిన సంగతి రాత్రిపూట నడిచే పరీక్షలోనే బయటపడింది. ఆ పరీక్షను గిట్‌హబ్ యాక్షన్స్ (కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లో పనులను వాటంతటవే నడిపే సదుపాయం) నడిపిస్తుంది. అందులో షెడ్యూల్‌ను మామూలుగా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) లోనే రాస్తారు, మన రాత్రి రెండు గంటలకు 20:30 అని పెట్టాలి. పబ్లిక్ రిపోలో (అందరికీ కనిపించే కోడ్ ఫోల్డర్‌లో) 60 రోజులు ఏ కదలికా లేకపోతే షెడ్యూల్ ఆగిపోతుంది.

లోటుపాట్లా? డ్యాష్‌బోర్డ్ సాదాసీదా. 2024 మార్చిలో ఎఫ్ఐడీ అనే పాత కొలత స్థానంలోకి వచ్చిన ఐఎన్‌పీని (తాకితే పేజీ ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే కొలతను) ఈ పరీక్ష కొలవదు, ఎందుకంటే పేజీని తాకే మనిషి అక్కడ లేడు. లోడయ్యేటప్పుడు పేజీ ఎంతసేపు స్తంభిస్తుందో చెప్పే టీబీటీతో అంచనా వేసుకోవాలి. అసలు పాఠకుల అనుభవం తెలియడానికి క్రక్స్ (నిజమైన క్రోమ్ వాడకందార్ల నుంచి గూగుల్ సేకరించే లెక్కలు) డేటాను కూడా పక్కన ఉంచుకుని చూస్తాం. అది 28 రోజుల లెక్క కాబట్టి మార్పు నెమ్మదిగా కనిపిస్తుంది. లోపల కొలిచే లైట్‌హౌస్ వెర్షన్ మార్చిన తేదీ కూడా రాసిపెట్టుకోండి. లైట్‌హౌస్ 10లో మొత్తం స్కోరులో సీఎల్ఎస్ వాటా 15 నుంచి 25 శాతానికి పెరిగింది, సైట్‌లో ఏం మార్చకపోయినా స్కోరు మారుతుంది.

గ్రఫానా (గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్) నడిపే ఓపిక ఉన్నవాళ్లకు సైట్‌స్పీడ్.ఐఓ అనే ఇంకో టూల్‌లో గ్రాఫులు ఇంతకంటే బాగుంటాయి. మా చిన్న టీమ్‌కి అంత తీరిక లేదు, ఇదే నడిపిస్తున్నాం.