ఒక్క అమ్మకే కాదు, ఇంటిల్లిపాదికీ కావాల్సిన ట్రైనింగ్

మా వాడికి ఆరేళ్లు. ఆటిజం, మాటలింకా రాలేదు. కాలింగ్ బెల్ మోగితే చాలు, మణికట్టు కొరుక్కుంటాడు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన కేర్‌గివర్ స్కిల్స్ ట్రైనింగ్‌లో చేరాను. ఎదుగుదలలో ఇబ్బందులున్న 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్ని చూసుకునేవాళ్ల కోసం పెట్టింది. 9 గ్రూప్ క్లాసులు, 3 సార్లు వాళ్లే ఇంటికి రావడం.

అన్నిటికంటే పనికొచ్చింది మా ట్రైనర్ ఇచ్చిన మూడు గడుల కాగితం. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మేమేం చేశాం. 'మొండి', 'పొగరు' అని రాయకూడదు, కంటికి కనబడిందే రాయాలి. రెండు వారాలయ్యాక మూడో గడి చదువుకుంటే నాకే సిగ్గేసింది. చుట్టాలుంటే, నలుగురిలో పరువు పోకూడదని వెంటనే చేతిలో ఫోన్ పెట్టేశాం. ఎవరూ లేకపోతే అదే కొరుకుడికి తిట్లు. పాపం, వాడికేం అర్థమవుతుంది?

నచ్చనిది కూడా చెప్తాను. ఫోన్ కోసం కేకలు పెడితే పట్టించుకోవద్దన్నారు. మా ఇంట్లో ఆరుగురం! నేను అటు తిరిగి కూర్చుంటే మామయ్యగారు "నాలుగు తగిలిస్తే దారికొస్తాడు" అంటారు. అత్తయ్యేమో "రాయిలా కూర్చున్నావేంటమ్మా" అంటూ వాణ్ని ఒళ్లోకి లాక్కుంటారు. ఒకసారి వదిలేసి ఇంకోసారి లొంగిపోతే కేకలు ఇంకా ముదురుతాయట. ఆ ముక్క మొదటి క్లాసులోనే చెప్పొద్దూ!

రెండోసారి ఇంటికొచ్చినప్పుడు ట్రైనర్ నన్ను వదిలేసి అత్తయ్య పక్కన కూర్చున్నారు. "మీరు వాణ్ని ఎలా ఊరుకోబెడతారో చూపించండి" అన్నారు. కొరుక్కునే బదులు 'లోపలికెళ్తా' అని చెప్పడానికి వాడికొక బొమ్మ కార్డు నేర్పుతున్నాం. అదంటే అప్పటిదాకా ఆవిడకి గిట్టేది కాదు, "పెద్దవాళ్లకి చీటీ చూపించడమేంటి, నోరు తెరిచి అడగాలి గానీ" అని.

మొన్న బెల్ మోగింది. చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగింది, కార్డు పైకి లేచింది. వాణ్ని లోపలి గదికి తీసుకెళ్లింది అత్తయ్యే. తిరిగొచ్చి, "వాడికి చప్పుడు పడదు, కాసేపాగి వస్తాడు" అన్నారు వచ్చినవాళ్లతో. గొంతు తగ్గించలేదు, నసగలేదు.

5కి 4 ఇస్తాను. మొదటి విజిట్ నా ఒక్కదానితోనే గడిచిపోయినందుకు ఒకటి కోత. మీరు చేరితే, పిల్లాడి కేకకి అందరికంటే ముందు పరిగెత్తేవాళ్లెవరో వాళ్లని మొదటి విజిట్‌లోనే కూర్చోబెట్టండి.