ట్రాకర్ బార్ పంపు, టెస్ట్ రోలు: పాత ప్లేయర్ పియానోకు ఏది ఎంత పనికొస్తుంది

అమెరికాలో 1910, 20ల నాటి తొక్కుడు ప్లేయర్ పియానోలు ఇప్పటికీ పాత సామాన్ల అమ్మకాల్లో దొరుకుతాయి. చిల్లులు కొట్టిన కాగితపు చుట్ట, అంటే రోలు, ఎక్కించి పెడల్స్ తొక్కితే వాటంతటవే వాయించే పియానోలివి. పాతబడ్డాక రోలు ఎక్కించగానే కొన్ని స్వరాలు పలకవు. మెకానిక్‌ను పిలిచే ముందు కొనాల్సింది ఈ చిన్న ఇత్తడి పంపు.

చూడ్డానికి సైకిల్ పంపులా ఉన్నా ఇది గాలి కొట్టదు, లాగుతుంది. కాగితం జారే ఇత్తడి పట్టీలో, అంటే ట్రాకర్ బార్‌లో, 88 స్వరాలకు 88 రంధ్రాలు, అంగుళానికి 9 చొప్పున ఉంటాయి. కాగితంలోని చిల్లు రంధ్రం మీదికి రాగానే గాలి లోపలికి పోయి ఆ స్వరం మోగుతుంది. తయారీదార్లు 1908లో అమెరికాలోని బఫెలో నగరంలో ఒప్పుకున్న కొలత ఇది. కాగితపు నూగు ఈ రంధ్రాల్లోనే పేరుకుంటుంది. రోలు తీసేసి, పంపు మూతిని సందు లేకుండా అదిమి, పిడిని ఒక్క గుంజు గుంజాలి. మూతిని పట్టీ మీంచి ఎత్తాకే పిడిని లోపలికి తోయాలి. ఎత్తకుండా తోశారో, నూగంతా లోపల స్వరాలను మోగించే వాల్వుల దాకా పోతుంది. ఇలా ఈ చివరి నుంచి ఆ చివరికి రెండుసార్లు. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు, లోపలి పల్చటి తోలు పొరలు చిరుగుతాయి.

పంపు పట్టాక రంధ్రాలన్నీ టేపుతో మూసి తొక్కి చూడండి. అప్పుడూ ఏదైనా స్వరం మోగుతుంటే పట్టీ నుంచి వాల్వుకు పోయే దాని గొట్టానికి చిల్లయినా పడి ఉండాలి, గొట్టంలో చేరిన గాలిని లాగేసే బ్లీడ్ అనే సన్నటి రంధ్రమైనా పూడి ఉండాలి. ఆ రెండోది పంపుకు లొంగకపోతే లోపలి పెట్టె విప్పాల్సిందే.

వేగం కొలవడానికి గుర్తులున్న టెస్ట్ రోలు లేనిదే కాగితం వేగం సరిచేయడం కష్టం. వేగం మార్చే టెంపో మీట 70 దగ్గర పెడితే నిమిషానికి సరిగ్గా 7 అడుగుల కాగితం నడవాలి. తక్కువ నడిస్తే వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ అనే భాగపు స్ప్రింగు మరను కాస్త బిగించాలి, ఎక్కువైతే వదులు చేయాలి. ఒకేసారి పావు చుట్టు కంటే తిప్పకుండా మళ్లీ కొలవండి. మెల్లగా తొక్కినా గట్టిగా తొక్కినా వేగం మారకూడదు. మారుతోందంటే గవర్నర్‌లోనే లోపం ఉంది, స్ప్రింగుతో కుదరదు.

ఈ రెండూ కలిసినా ఎండి పెళుసెక్కిన రబ్బరు గొట్టాలకూ, గాలి తిత్తుల (బెల్లోస్) గుడ్డకూ ప్రాణం పోయలేవు. గొట్టాన్ని వేళ్లతో నొక్కి చూడండి. విరిగితే మొత్తం మార్చుకోవాలి. గుడ్డ అతికించేటప్పుడు తెల్ల జిగురు వద్దు, అది చెక్కలోకి ఇంకిపోతుంది. వేడి చేసి రాసే జంతు జిగురు వాడితే, రేపు ఎవరైనా విప్పాల్సొచ్చినా ఆవిరి తగిలితే వదులుతుంది.