లాన్ కార్పెట్ కొనేముందు ముక్క తిరగేసి చూడండి: మాకు జరిగిన నష్టం

ఇంటి ముందు లాన్ వేయించుకోవాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా పొట్టిగా కొట్టించి తివాచీలా ఉంచుకోవాలని ఆశపడేవాళ్లకు ఈ పోస్టు. గడ్డి కార్పెట్ (పెంచిన గడ్డిని కింది మట్టితో సహా ముక్కలుగా కోసి అమ్మేది) లోడు మీ గేటు ముందు దిగాక, డబ్బు చేతిలో పెట్టకముందే, నాలుగైదు ముక్కలు తిరగేసి, తుంగ అనే మొండి కలుపు గడ్డలున్నాయేమో కింద మట్టిని విరిచి చూడండి. నేను చూడలేదు. ముప్పై వేలకు పైగా పోయాయి, ఏడాదిన్నర శ్రమ పోయింది. ఇప్పటికీ పూర్తిగా బయటపడలేదు.

మాది హైదరాబాద్ శివారు, ఘట్‌కేసర్ వైపు. ఇంటి ముందు పదకొండు వందల చదరపు అడుగుల జాగా ఉంది. అమ్మానాన్న సాయంత్రాలు చెప్పుల్లేకుండా నడుస్తారని లాన్ వేయిద్దామనుకున్నాం. హైవే పక్కన ఒక నర్సరీలో అడిగితే, "సెలెక్షన్ వన్ సార్, కడియం సరుకు, కలుపు అనేదే ఉండదు, గ్యారంటీ నాది" అన్నాడు. సెలెక్షన్ వన్ అంటే లాన్‌కు వేసే ఒక గడ్డి రకం. ఆ సరుకు నిజంగా కడియం నుంచి వచ్చిందో లేదో నాకు తెలియదు. మంచి పేరు కాబట్టి ఆ ఊరి పేరు అందరూ వాడుకుంటారు. అడుగు 28 రూపాయల లెక్కన 30,800 అయింది. కూలీ, ఇసుక వేరు. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద అంకె రాసి ఇచ్చాడు. దాన్నే మడిచి జేబులో పెట్టుకున్నాను.

2024 జూన్ చివర్లో పరిచారు. ఆ రోజు చూస్తే కళ్లు చల్లబడ్డాయి. అరంగుళం ఎత్తున, అంతా ఒకే పచ్చదనం. నాన్న అప్పుడే నడుస్తానన్నారు, వేర్లు పట్టేదాకా ఆగమని మేమే ఆపాం.

ఆరో రోజు పొద్దున మంచులో చూస్తే, గడ్డి కంటే రెండు వేళ్లు పైకి లేచి, కాస్త లేత రంగులో మెరుస్తున్న ఆకులు అక్కడక్కడా కనిపించాయి. "కొత్త చిగురు సార్, బాగా పడుతోంది" అన్నాడు మాలి. పదో రోజుకు ఒక్క చదరపు అడుగులో పద్నాలుగు లెక్కపెట్టాను. పక్కింటి అంకుల్ వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. ఆయన గేటు దగ్గర నుంచే చూసి, "బాబూ, ఇది తుంగ" అన్నారు. లోపలికి వచ్చి ఒక కాడ తెంపి నా చేతికిచ్చి, రెండు వేళ్ల మధ్య దొర్లించమన్నారు. మూడు పలకలు వేలికి తగులుతాయి. గడ్డికి అలా ఉండదు. అది ఒక్కటి గుర్తుపెట్టుకుంటే ఇక పొరపడరు.

తర్వాత చిన్న గునపంతో ఒక బెడ్డ పెకలించారు. మట్టి విదిలిస్తే నల్లటి గడ్డలు కనిపించాయి. శనగగింజకు కాస్త పెద్దవి, పైన పీచు. ఒక గడ్డ నుంచి సన్నటి దారంలాంటి వేరు ఇంకో గడ్డకు, దాని నుంచి మరో దానికి, గొలుసులా సాగాయి. అమ్మ ఒకటి చిదిమి వాసన చూసి, "ఇవి తుంగముస్తలే కదా, నలుగుపిండిలో వేస్తాం" అంది. వైద్యానికి, నలుగుకు పనికొచ్చేదే. లాన్‌లో మాత్రం దానంత మొండిది ఇంకోటి లేదు. చేత్తో పీకితే ఆకు వస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. పీకిన కొద్దీ గొలుసులో మిగిలిన గడ్డలు మేలుకుంటాయి. మొదటి నెల రోజూ గంటసేపు కూర్చుని పీకి, నేనే దాన్ని పెంచి పోషించాను.

మోసం ఎక్కడ జరిగిందో అప్పుడు అర్థమైంది. తుంగ, గడ్డి కంటే వేగంగా లేస్తుంది. కొట్టిన రోజు రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి, తేడా కంటికి తెలియదు. వారం ఆగితే తుంగ పైకి వచ్చేస్తుంది. అందుకే లోడు ఎత్తేముందు మిషన్ కొట్టి పంపిస్తారు. అప్పుడే కొట్టిన కార్పెట్ అందంగా ఉందంటే దానిలో కలుపు లేదని కాదు, కలుపు కనిపించడం లేదని మాత్రమే.

నర్సరీ అతనికి ఫోన్ చేస్తే, "మా సరుకులో లేదు సార్, మీ మట్టిలోనే ఉంది" అన్నాడు. అందరికీ ఇదే సమాధానం వస్తుంది. మా అదృష్టం, మిగిలిన మూడు ముక్కల్ని మోటారు పక్కన సిమెంటు గచ్చు మీద పడేశాం. మా మట్టి వాటికి తగల్లేదు. వాటిలోనూ తుంగ లేచింది. ఆ ఫోటోలు పంపాను. రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. తర్వాత ఒక కుర్రాణ్ణి పంపాడు, చేతిలో లేబుల్ లేని వాటర్ బాటిల్, అందులో ఏదో మందు.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. కొట్టనిచ్చాను. పన్నెండు రోజులకు కొట్టిన చోటల్లా తుంగతోపాటు గడ్డి కూడా ఎండుగడ్డి రంగుకు తిరిగింది. ఇంకో నెలకు తుంగ మళ్లీ లేచింది, గడ్డి లేవలేదు. ఆ మందేమిటో అతను ఇప్పటికీ చెప్పలేదు. పచ్చగా ఉన్న ప్రతిదాన్నీ చంపే రకమని అంకుల్ అనుమానం. ఆ రకంలో ఎక్కువగా అమ్ముడుపోయేది గ్లైఫోసేట్. దాన్ని లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదని 2022 అక్టోబరులోనే కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. సీసా మీద పేరు లేని మందును మీ ఇంట్లో ఎవరినీ కొట్టనివ్వకండి. చెప్పుల్లేకుండా నడిచే చోటు అది. నెల రోజులు అమ్మానాన్నను అటు వెళ్లనివ్వడానికి నాకు భయమేసింది.

చచ్చిన చోట్ల అతుకు వేయడానికి అదే నర్సరీ మనిషి 'హైబ్రిడ్ టిఫ్‌డ్వార్ఫ్ విత్తనాలు' అని అరకిలో ప్యాకెట్ 1,800కి అమ్మాడు. ఇది ఇంకా పెద్ద మోసం, ఎందుకంటే ఆ పేరుతో విత్తనమే ఉండదు. టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌వే 419 అనేవి అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ పరిశోధన కేంద్రం నుంచి 1960లలో వచ్చిన గడ్డి రకాలు. మన గరికకూ ఆఫ్రికా గరికకూ పుట్టిన సంకరాలు. అవి గొడ్డువి, మొలిచే విత్తనం కట్టవు. తీగ ముక్కలు నాటడమో, కార్పెట్‌గా పరచడమో తప్ప వేరే దారి లేదు. ఎవరైనా ఆ పేరుతో గింజలు అమ్మితే, ప్యాకెట్ ఎంత రంగురంగులుగా ఉన్నా, అందులో ఉన్నది ఇంకేదో. మా ప్యాకెట్‌లోంచి మామూలు గరిక మొలిచింది, అదీ పల్చగా. గరిక చెడ్డదని నేననను, ఎండకు దానంత తట్టుకునేది లేదు. కానీ పొట్టిగా కొట్టిన సన్నగడ్డి మధ్యలో అది వేరే రంగు అతుకులా కనిపిస్తుంది.

ఇసుక సంగతి కూడా చెప్పాలి. లాన్ పొట్టిగా కొట్టాలంటే నేల చదునుగా ఉండాలి, గుంటల్లో ఇసుక పోసి సర్దాలి. అతని మనిషి తెచ్చింది ఇసుక కాదు, క్రషర్ డస్ట్, అంటే కంకర మిల్లులో వచ్చే రాతిపొడి. ఒక్క వానకే గట్టిపడి గచ్చులా అయింది, నీళ్లు పైనే నిలిచాయి. మీ ఇంటికి వచ్చిన ఇసుకను గుప్పెడు గ్లాసు నీళ్లలో వేసి కలపండి. నీళ్లు చాలాసేపు బూడిదరంగులోనే ఉండిపోతే వెనక్కి పంపేయండి. మంచి ఇసుకైనా ఒకేసారి దట్టంగా పోయకండి, గడ్డి కొసలు పైకి కనిపిస్తూ ఉండాలి.

మట్టి తేడా కూడా మాకు దెబ్బకొట్టింది. మాది ఎర్రమట్టి, కార్పెట్ కింద వచ్చింది నల్లరేగడి. ఏప్రిల్ ఎండలకు నల్లమట్టి కుంచించుకుపోయి, ముక్కకూ ముక్కకూ మధ్య వేలు దూరేంత సందులు వచ్చాయి.

పొట్టిగా కొట్టడం గురించి అమ్మేవాళ్లు చెప్పని మాట ఒకటుంది. అంత పొట్టిగా ఉంచాలంటే వానాకాలంలో వారానికి రెండుసార్లు కొట్టాలి. ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతు మించి తీయకూడదు. మా దగ్గర రెండు వారాలు వానలు పడి గడ్డి మూడంగుళాలు పెరిగాక, మెయింటెనెన్స్ మనిషి వచ్చి ఒక్క దెబ్బకు అరంగుళానికి దించేశాడు. మిగిలింది గోధుమరంగు మోళ్లు. నేల బయటపడి ఎండ తగలగానే తుంగకు పండగైంది. పైగా అతను వాడింది కింద రెక్క గిరగిరా తిరిగే మామూలు మోవర్. అది గడ్డిని కొట్టి తెంపుతుంది. ఎత్తుపల్లాలున్న నేల మీద అరంగుళానికి దించితే మిట్టలన్నీ చెక్కేస్తుంది. కత్తెరలా కోసే రీల్ మోవర్ వేరు, అరంగుళానికి అదే కావాలి. మీ మనిషి దగ్గర రీల్ మోవర్ లేకపోయినా, వారానికి రెండుసార్లు రాలేకపోయినా, అంగుళంన్నర ఎత్తుకు ఒప్పేసుకోండి. ఆ ఎత్తులో కూడా లాన్ నిండుగానే ఉంటుంది. మేమిప్పుడు అంతే ఉంచుతున్నాం.

తుంగకు చివరికి మాకు పనిచేసింది హేలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం మందు. చెరకులో, మొక్కజొన్నలో తుంగకు వాడేది. ఎకరానికి 36 గ్రాములు, అంటే మా లాన్ మొత్తానికి ఒక్క గ్రాము కూడా పట్టదు. అందుకే ఉజ్జాయింపుగా మూతతో కొలిచి పోయకండి, గ్రాముల త్రాసు తెచ్చుకోండి. అంకుల్ తనకు తెలిసిన వ్యవసాయ అధికారిని అడిగి, ఆయన సరేనన్నాకే దగ్గరుండి కలిపించారు. వారంపాటు ఏమీ కనిపించదు, మూడో వారానికి పసుపు తిరుగుతుంది. ఒక్కసారితో పోదు. కొత్తగా పరిచిన కార్పెట్ మీద, వేర్లు పట్టకముందు కొట్టవద్దని ఆయన గట్టిగా చెప్పారు. మేము రెండుసార్లు కొట్టాక ముప్పావు వంతు తగ్గింది.

డబ్బు విషయానికి వస్తే, తెల్లకాగితం పట్టుకుని ఏమీ చేయలేకపోయాను. బిల్లు మీద గడ్డి రకం పేరు, ఎన్ని అడుగులు, ఏ తేదీ, కలుపు వస్తే ఎన్ని రోజుల్లో మారుస్తారు అన్నది రాయించుకోండి. రాయనంటే అక్కడ కొనకండి. సగం డబ్బు పదిహేను రోజుల తర్వాత ఇస్తానని ముందే మాట్లాడుకోండి. బిల్లున్నవాళ్లకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లవచ్చు.

లోడు దిగినప్పుడు తుంగ గడ్డల కోసమే కాదు, ఇంకో రెండు చూడండి. ముక్కను ఒక మూల పట్టుకుని ఎత్తితే విరిగి రాలిపోకూడదు, కింద తెల్లటి వేర్లు కనిపించాలి. కట్టల మధ్యలో చెయ్యి పెడితే వేడిగా తగిలితే అది ఎత్తి చాలాసేపైన సరుకు, లోపల ఉడికిపోయి ఉంటుంది.

చచ్చిన మూడు వందల అడుగులకు ఈసారి వేరే చోట కొనడానికి వెళ్లాను. ముందు రెండే రెండు ముక్కలు కొని ఇంటికి తెచ్చి, కడిగిన ఇసుక పోసిన పాత టబ్బులో పెట్టి, గడ్డి కత్తిరించకుండా రోజూ నీళ్లు పోశాను. తొమ్మిదో రోజున రెండు తుంగ మొలకలు లేచాయి. ఆ సరుకు తీసుకోలేదు. ఇప్పుడు అదే టబ్బులో ఇంకో నర్సరీ ముక్కలున్నాయి, ఈ రోజుకు పదకొండు రోజులు. ఇప్పటిదాకా గడ్డి తప్ప ఏదీ లేవలేదు. ఇంకో నాలుగు రోజులు చూసి ఆర్డర్ ఇస్తాను.