ఓబీడీ స్కానర్: ఏళ్లు వాడాక నా అభిప్రాయం

మాది శ్రీకాకుళం. కారు కంప్యూటర్ గుర్తించిన లోపాల్ని కోడ్ల రూపంలో చదివే పరికరం ఓబీడీ స్కానర్. బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిసే ఈఎల్ఎమ్ 327 (లోపలి చిప్ పేరు) రకం చిన్న స్కానర్‌ని నా డీజిల్ కారుకి కొన్నేళ్లుగా వాడుతున్నాను. చెక్ ఇంజిన్ లైటు వెలిగినా, మీటర్లో ముల్లు తేడా చేసినా స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో ముందు దీన్నే పెడతాను. పెట్టిన డబ్బు ఎప్పుడో వచ్చేసింది.

ఇది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుంది. ఏ పార్టు పోయిందో మనమే తేల్చుకోవాలి. ఆ మధ్య కళింగపట్నం బీచ్‌కి వెళ్లొచ్చాక టెంపరేచర్ ముల్లు ఎంతసేపటికీ లేవలేదు, రేడియేటర్ ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది. స్కానర్‌లో వచ్చిన కోడు పీ0118, అంటే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడి కొలిచే సెన్సార్ సర్క్యూట్‌లో తేడా. మెకానిక్ సెన్సార్ మార్చేద్దామన్నాడు. లైవ్ డేటా (సెన్సార్ల అప్పటికప్పటి రీడింగులు) తెరిస్తే కూలెంట్ వేడి మైనస్ 40 డిగ్రీలు చూపిస్తోంది, అదీ మన సిక్కోలు ఎండలో! వేడి పెరిగేకొద్దీ ఆ సెన్సార్ రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఎక్కడైనా కనెక్షన్ తెగితే విపరీతమైన చలి ఉందని కంప్యూటర్ అనుకుంటుంది. సెన్సార్ నుంచి కనెక్టర్ పీకి, వైర్ల వైపున్న దాని రెండు పిన్నుల్నీ చిన్న వైరు ముక్కతో కలిపాం. వైరింగ్ బాగుంటే రీడింగ్ ఒక్కసారిగా పైకి ఎగబాకాలి. మాది కదల్లేదు. లైటు వేసి చూస్తే ఒక పిన్ను నిండా పచ్చటి చిలుము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి శుభ్రం చేశాక ముల్లు మామూలైంది. ఇప్పటికీ అదే పాత సెన్సార్. సముద్రపు గాలి తగిలే ఊళ్లవాళ్లు కొత్త పార్టు కొనేముందు కనెక్టర్ విప్పి చూడాలి.

లోపాలూ ఉన్నాయి. నేను వాడే యాప్ ఇంజిన్ కోడ్లే చదువుతుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, మీటర్ బోర్డు కోడ్లు దీనికి అందవు. పెట్రోలు, డీజిల్ ముల్లు ఇరుక్కుపోయినా చాలా బళ్లలో ఇందులో ఏ కోడూ రాదు, ట్యాంకులో ఇంధన మట్టాన్ని బట్టి తేలే ఫ్లోట్ చూసుకోవాల్సిందే. మన దేశంలో కార్లకు ఈ స్కానర్ చదివే ఓబీడీ 2 పద్ధతి తప్పనిసరి చేసింది 2013 ఏప్రిల్ నుంచి. అంతకన్నా పాత బండైతే కొనేముందు ఎవరిదైనా అడిగి పెట్టి చూడండి. మార్కెట్లో నకిలీలు ఎక్కువ, కొన్ని అసలు కనెక్టే కావు.

కోడు చెరిపేముందు ఫ్రీజ్ ఫ్రేమ్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తేడా వచ్చినప్పటి స్పీడు, వేడి అందులోనే ఉంటాయి, చెరిపితే అవీ పోతాయి. సాకెట్‌లో 16వ పిన్నుకి తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. బండి పక్కన పెట్టి ఊరెళ్లేటప్పుడు స్కానర్ పీకేయండి.