తొమ్మిదేళ్లుగా పియానో క్లాసులో హాలోవీన్: ఏవి నిలిచాయి, ఏవి తీసేశాను

నేను టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇంట్లోనే పిల్లలకు పియానో నేర్పిస్తాను. ఐదేళ్ల వాళ్ల నుంచి హైస్కూల్ పిల్లల దాకా వస్తారు. సగానికి పైగా తెలుగు ఇళ్ల పిల్లలే. 2016 నుంచి ఏటా సెప్టెంబర్ రెండో వారంలో అక్టోబర్ 31న వచ్చే దెయ్యాల పండగ హాలోవీన్ కోసం పీసులు (వాయించే రచనలు) మొదలుపెట్టి, ఆ రోజుకి ముందు శనివారం మా హాల్లోనే చిన్న రిసైటల్ (పిల్లలు అందరి ముందూ వాయించే కచేరీ) పెడుతున్నాను. ఇన్నేళ్లలో కొన్న పుస్తకాలు, డౌన్‌లోడ్ చేసిన షీట్లు, ఆట సామాను ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా నిండా చేరాయి. పిల్లలకు పియానో నేర్పేవాళ్లకూ, ఇంట్లో దగ్గర కూర్చుని సాధన చేయించే అమ్మానాన్నలకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందు షీట్ మ్యూజిక్ సంగతి. మొదటి రెండేళ్లు అట్ట మీద బొమ్మ చూసి కొన్నాను. దెయ్యం, గబ్బిలం, మంత్రగత్తె అని పేరుంటే చాలనుకున్నాను. చాలావాటిది ఒకటే మూస: ఎడమ చేతికి రెండు స్వరాలు, కుడి చేతికి దిగులుగా వినిపించే మైనర్ స్కేల్‌లో ఐదు వేళ్ల పొజిషన్, చివర ‘బూ’ అని అరవడం. మొదటి వారం పిల్లలు కేరింతలు కొడతారు. నవంబర్ 1 తర్వాత ఆ కాగితం ముట్టుకోరు. రెండో ఏడాది నేర్చుకుంటున్న పిల్లాడికి రెండు పేజీల పీసు రావడానికి నాలుగైదు వారాలు పడుతుంది. అంత సాధనా ఒక్క సాయంత్రంతో అయిపోతే నాకు బాధగా ఉంటుంది. ఒకసారి డబ్బు పెట్టి కొన్న షీట్‌లో ఏ స్వరానికి ఏ వేలో చెప్పే ఫింగరింగే లేదు, ఒక చోట స్వరాన్ని అర మెట్టు పెంచే షార్ప్ గుర్తు కూడా పడలేదు. నేను గమనించేసరికి ఒక బాబు రెండు వారాలు తప్పు స్వరమే సాధన చేశాడు. దాన్ని మాన్పించడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. అప్పటి నుంచి ప్రతి షీటూ నేను వాయించి చూశాకే పిల్లల చేతికి ఇస్తున్నాను.

పేరులో కాకుండా సంగీతంలోనే భయం ఉన్న పీసులు మాత్రం ఏళ్ల తరబడి నిలిచాయి. వాటిలో నా మొదటి ఓటు నార్వే స్వరకర్త గ్రీగ్ రాసిన ‘ఇన్ ద హాల్ ఆఫ్ ద మౌంటెన్ కింగ్’కి. ఇబ్సెన్ నాటకం ‘పేర్ గింట్’ కోసం 1875లో రాశాడు. దీనికి హాలోవీన్‌తో ఏ సంబంధమూ లేదు, ఇది నార్వే కొండల్లోని ట్రోల్‌ల (జానపద కథల్లోని రాక్షసుల) కథ. అయినా పిల్లలకు ఇంతకంటే బాగా అతికే పీసు నేను చూడలేదు. అసలుది బి మైనర్‌లో ఉంటుంది. నేను డి మైనర్‌లోకి మార్చిన తేలిక రూపం వాడతాను. మొదటి వరుస డి, ఇ, ఎఫ్, జి, ఏ, ఎఫ్, ఏ, అంటే చెయ్యి కదపకుండా ఐదు వేళ్లలో సరిపోతుంది. తర్వాత జి షార్ప్, ఇ, జి షార్ప్ వచ్చేసరికి నాలుగో వేలు నల్ల కీ మీదికి వెళ్లాలి. అక్కడే అందరూ తడబడతారు, ఆ రెండు బార్లు (ఆవర్తనాల్లాంటి భాగాలు) విడిగా చేయించాలి.

ఈ పీసులో అసలు పాఠం స్పీడ్. మెల్లగా, గుసగుసలాగా మొదలై చివరికి పరుగెత్తాలి. పిల్లలు మొదటి బార్ నుంచే పరుగెడతారు. అందుకని తాళం కొట్టే యంత్రం మెట్రోనోమ్‌ని నిమిషానికి 80 బీట్ల దగ్గర మొదలుపెడతాను. తప్పు లేకుండా వాయిస్తే 8 పెంచుతాను, తప్పు వస్తే మళ్లీ 8 దించుతాను. ప్రతి వారం ఎవరు ఎంత దాకా వెళ్లారో గోడ మీద చార్ట్‌లో గుమ్మడికాయ స్టిక్కర్‌తో గుర్తు పెడతాను. మెట్రోనోమ్ అంటేనే మొహం ముడుచుకునే పిల్లలు ఈ ఆరు వారాలు వాళ్లంతట వాళ్లే ఆన్ చేస్తారు.

రెండోది బాక్ పేరు మీద ఉన్న డి మైనర్ టొకాటా (వేళ్ల నైపుణ్యం చూపించే రచన), బాక్ రచనల జాబితాలో బీడబ్ల్యూవీ 565. అది నిజంగా బాక్ రాసిందేనా అని అనుమానించే పండితులు ఉన్నారు. ఆర్గన్ కోసం రాసింది, నేను మొదటి కొన్ని బార్లే నేర్పిస్తాను. ఏ, జి, ఏ అని గట్టిగా పలికి, కాసేపు ఆగి, జి, ఎఫ్, ఇ, డి, సి షార్ప్, డి అని కిందికి దిగుతుంది. రెండు చేతులూ ఒకే స్వరాలు వాయిస్తాయి కాబట్టి ఏడెనిమిదేళ్ల పిల్లలకు కూడా వస్తుంది. మా దగ్గర కర్ణాటక సంగీతం కూడా నేర్చుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. డిని షడ్జమం (స) అనుకుంటే ఆ సి షార్ప్ కాకలి నిషాదం, అంటే పై ‘ని’. వెస్టర్న్‌లో హార్మోనిక్ మైనర్ అనే స్కేలే మన కీరవాణి రాగం స్వరాలు. ఒక పాప టొకాటా వాయించి, వెంటనే అదే షడ్జమం మీద కీరవాణి ఆరోహణ పాడింది. హార్మోనిక్ మైనర్‌లో ఏడో స్వరం ఎందుకు పైకి జరుగుతుందో నేను ఏడాదిగా చెబుతున్నది ఆ ఒక్క నిమిషంలో ఆ పాపకు అందింది.

ఫ్రెంచ్ స్వరకర్త సాన్-సాన్స్ 1874లో రాసిన ‘దాన్స్ మకాబ్ర్’ నేను వాయించడానికి ఇవ్వను, వినడానికి పెడతాను. ఏడు నిమిషాలు ఉంటుంది. మొదట్లో హార్ప్ పన్నెండు సార్లు కొడుతుంది, అర్ధరాత్రి అయిందని. మృత్యువు ఫిడేలు వాయిస్తుంది, అస్థిపంజరాలు ఆడతాయి, ఎముకల చప్పుడు జైలోఫోన్‌లో వినిపిస్తుంది, చివర ఓబో అనే ఊదే వాద్యంలో కోడి కూస్తుంది. కళ్లు మూసుకుని వింటూ గంటలు లెక్కపెట్టాలి, ఎముకలు వినగానే చెయ్యెత్తాలి, కోడి కూయగానే లేచి నిలబడాలి. ఫిడేలు పై తీగను ఇ నుంచి అర మెట్టు కిందున్న ఇ ఫ్లాట్‌కి దించి, పక్కనున్న ‘ఏ’ స్వరం తీగతో కలిపి వాయించమని రాశాడు. ఆ రెండు స్వరాలూ పియానో మీద కొట్టి చూపిస్తే పిల్లలు ‘ఇదే, ఇదే’ అని అరుస్తారు. మన లెక్కలో అది షడ్జమం, ప్రతి మధ్యమం.

ఇక ఆటలు. వీటిలో డబ్బు ఖర్చు కానివే బాగా పనిచేశాయి. నల్ల కీస్ మీద దెయ్యం కథ అన్నింటికంటే మేలు. నేను కింది వైపు ఇ ఫ్లాట్, బి ఫ్లాట్ రెండే మార్చి మార్చి మెల్లగా వాయిస్తుంటాను. పిల్లలు ఏ నల్ల కీ కొట్టినా అందులో కలిసిపోతుంది. పాడుబడ్డ ఇల్లు, మెట్ల మీద అడుగులు, కిర్రుమనే తలుపు, పిడుగు, ఏదైనా చెప్పొచ్చు. పిడుగుకి అరచేతితో అడుగు కీస్ నొక్కి పెడల్ వేయాలి. చిన్నవాళ్లకు కాలు అందదు కాబట్టి పెడల్ నేనే వేస్తాను. దెయ్యం కనిపించే ముందు అంతా ఆగిపోవాలని ఒక్క నియమం పెట్టాను. మామూలు రోజుల్లో రెస్ట్ గుర్తు చూసి కూడా ఆగని పిల్లలు, ఇక్కడ చేతులు గాల్లో పెట్టి ఊపిరి బిగబట్టి ఉంటారు. సాధారణంగా నాతో రెండు మాటలు కూడా మాట్లాడని ఒక అమ్మాయి ఆ కథ ఐదు నిమిషాలు ఆపకుండా వాయించింది.

లయకి మాటల ఆట కూడా ఏటా ఉంటుంది. అందరూ ‘పంప్‌కిన్’, ‘జాక్-ఓ-లాంటర్న్’ వాడతారు. నేను తెలుగు మాటలు కలిపాను. ‘దెయ్యం’ రెండు గురువులు, అంటే రెండు క్వార్టర్ నోట్లు (ఒక్కోటి ఒక బీట్). ‘గుమ్మడి’ ఒక గురువు, రెండు లఘువులు, అంటే ఒక క్వార్టర్, రెండు ఎయిత్‌లు (ఒక్కోటి అర బీట్). ‘గుమ్మడి దెయ్యం’ అంటే నాలుగు బీట్ల బార్ సరిగ్గా నిండుతుంది. చప్పట్లు కొడుతూ పది సార్లు అంటే చాలు, ఎయిత్ నోట్లు తొందరపడటం తగ్గుతుంది. తెలుగు రాని పిల్లలు కూడా ఇది అడిగి మరీ చేస్తారు.

కీస్ మీద పెట్టే చిన్న గుమ్మడికాయ ఎరేజర్లు ఐదారేళ్ల వాళ్లకు మంచివే. అన్ని డి స్వరాల మీదా పెట్టమంటే నిమిషంలో నేర్చుకుంటారు. ఎరేజర్ల బదులు చాక్లెట్ పెట్టిన ఏడాది మాత్రం కరిగి కీస్ మధ్యకు దిగింది. రెండు కీస్ అతుక్కుపోయి టెక్నీషియన్‌ని పిలవాల్సి వచ్చింది. పియానో దగ్గర తినే వస్తువు ఏదీ పెట్టకండి. రంగులు వేసే వర్క్‌షీట్లు పూర్తిగా మానేశాను. అరగంట క్లాసులో పది నిమిషాలు వాటికే పోతున్నాయి, ఆ పని వాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. లైట్లు తీసేసి వాయించడం కూడా మానేశాను. ఒక ఐదేళ్ల బాబు నిజంగా భయపడి ఏడ్చాడు, మరుసటి వారం క్లాసుకి రానన్నాడు. ఇప్పుడు ఒక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది.

రిసైటల్‌కి వేషాలు వేసుకు రమ్మంటాను, పిల్లలకు టెన్షన్ సగం దానితోనే పోతుంది. గ్లవ్స్ వద్దు, మాస్క్ తీసి వాయించాలి, చొక్కా చేతులు మణికట్టు దాటకూడదు. ఒక వారం ముందు అదే వేషంలో ఒకసారి వాయించి చూడాలి.

ఈ దెయ్యాల పండగ మనకెందుకని అడిగే పెద్దవాళ్లూ ఉన్నారు, మత నమ్మకాల వల్ల హాలోవీన్ చేసుకోని కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ల పిల్లలకు జర్మన్ స్వరకర్త షూమన్ రాసిన ‘వైల్డ్ హార్స్‌మన్’ ఇస్తాను. ఏ మైనర్, మంచి వేగం, మధ్యలో పాట ఎడమ చేతికి వస్తుంది. పిల్లలు ఏ లోటూ లేకుండా అందరితో కలిసి వాయిస్తారు. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబర్ 31నే వచ్చింది. మా ఇళ్లలో ఎవరికీ తీరిక ఉండదని రిసైటల్ ఒక వారం ముందే పెట్టేశాను.

ఆ ఏడాది మౌంటెన్ కింగ్ వాయించిన పదేళ్ల బాబు, పండగలన్నీ అయిపోయాక మార్చిలో వచ్చి, గ్రీగ్ రాసిన అసలు బి మైనర్‌లో నేర్చుకుంటానన్నాడు. పేజీకి రెండు వారాల చొప్పున వేసుకున్నాం. మొదటి పేజీ వాడికి కళ్లు మూసుకున్నా వస్తోంది.