ఫిన్నిష్ వారసుల కలయిక: జనవరిలోనా, జూన్‌లోనా?

మా దగ్గరి ఫిన్నిష్ వారసత్వ సంఘం, అంటే ఫిన్లాండ్ నుంచి వలస వచ్చిన ఫిన్నుల వారసుల సంఘం, ఏడాదికొకసారి కలుస్తుంది. అమెరికాలోని మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో చదువుకోవడానికి హోటన్ ఊరికి వచ్చి, ఇక్కడే ఉద్యోగం దొరికి నిలిచిపోయిన నాకు ఆ సంఘంతో చుట్టరికమేమీ లేదు. నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ ఒకనాడు "కుర్చీలు మోసే ఓపిక ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. అలా సాయం పట్టడానికి వెళ్లినవాడిని, నాలుగేళ్లు తిరిగేసరికి తేదీ ఖాయం చేసేవారి మధ్య కూర్చోబెట్టారు. అక్కడ ప్రతిసారీ ఒకటే తగవు: కలయిక జనవరిలో పెట్టాలా, జూన్‌లోనా?

హోటన్‌కు ఎదురుగా, కాలువ మీది ఎత్తే వంతెన దాటితే హ్యాంకాక్. 1860లలో ఇక్కడి రాగి గనుల్లో పనికి ఫిన్నులు రావడం మొదలైంది. 1896లో వాళ్లు సుఓమి కళాశాల పెట్టుకున్నారు. 2000లో అది ఫిన్లాండియా విశ్వవిద్యాలయమై, 2023లో మూతపడింది. పాత క్యాథలిక్ చర్చి భవనంలోని వారసత్వ కేంద్రం మాత్రం ఫిన్లాండియా ఫౌండేషన్ అనే సంస్థ చేతికి వెళ్లి నిలిచింది. కళాశాల పోయాక ఇలాంటి చిన్న కలయికల మీద భారం పెరిగింది. అందుకే తేదీ గురించి ఇంత పట్టుదల.

జూన్ పక్షం వాదన వినగానే ఎవరైనా తలూపుతారు. జూన్‌లో యుహన్నుస్ పండుగ వస్తుంది. పేరు బాప్తిస్మమిచ్చిన యోహానుది, సంబరం మాత్రం నడివేసవిది. చెరువు గట్టున కొక్కో అనే పెద్ద మంట వేస్తారు. ఇక్కడ ఆ రోజుల్లో రాత్రి పది కావస్తుంటే గాని పొద్దు కుంకదు. చలికాలమంతా ఫ్లోరిడాలో, ముఖ్యంగా ఫిన్నులు ఎక్కువగా స్థిరపడిన లేక్ వర్త్‌లో గడిపే పెద్దలు అప్పటికి తిరిగి వస్తారు. మనవలకు బడి సెలవులు. చక్రాల కుర్చీ తోసుకుంటూ రావడానికి దారి పొడిగా ఉంటుంది. దోమల సంగతి ఈ పక్షం వాళ్లు ఎత్తరు.

జనవరి పక్షానికి హెయిక్కి అనే పేరు అండ. ఫిన్నిష్ క్యాలెండర్‌లో ఒక్కో తేదీ కొన్ని పేర్లవారిది; జనవరి 19 హెయిక్కి పేరుగలవారి నామదినం. ఆ రోజు ఎలుగుబంటి నిద్రలో అటునుంచి ఇటు ఒత్తిగిల్లుతుందని, అంటే చలికాలం సగం గడిచిందని, పశువుల మేత ఇంకా సగం మిగిలి ఉండాలని పాత నానుడులు. హ్యాంకాక్ ఊరు 1999 నుంచి హెయికిన్‌పైవా (హెయిక్కి రోజు) పేరుతో దీన్ని జరుపుకుంటోంది. భార్యలను వీపున వేసుకుని పరుగెత్తే పోటీ, కాలితో తన్నుకుంటూ నడిపే బండ్ల పందెం, గడ్డకట్టిన నీటికి కన్నం చేసి దూకడం అందులో కొన్ని. ఊరంతా సందడిగా ఉన్నప్పుడు మన కలయికకూ నాలుగు తలలు ఎక్కువ వస్తాయని వీళ్ల లెక్క.

కానీ మంచుతో వేళాకోళం కాదు. 1978-79 చలికాలంలో ఈ కివినా ద్వీపకల్పంలో 390 అంగుళాల మంచు పడింది. అంటే మూడంతస్తుల మేడంత. మామూలు ఏడాదిలోనూ 200 అంగుళాలు దాటడం వింత కాదు. ఒక జనవరిలో నేను పొద్దున మెట్ల మీద ఉప్పు చల్లాను. పదకొండింటికి మళ్లీ మంచు పడింది, మళ్లీ చల్లలేదు. ఎనభై దాటిన ఒకాయన జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. తప్పు నాదే. ఆసుపత్రి నుంచి కట్టుతో తిరిగొచ్చి కాఫీ అడిగారాయన. ఆ ధైర్యం చూసి జనవరిని వెనకేసుకు రావడం న్యాయం కాదని నాకూ తెలుసు.

అయినా నేను జనవరి వైపే. కారణం ఒక ఫొటోల పుస్తకం. జూన్‌లో ఒకసారి కలయిక పెట్టాం. మధ్యాహ్నం రెండయ్యేసరికి హాలు సగం ఖాళీ. ఇక్కడ చాలామందికి చెరువు గట్టున ఒక చిన్న ఇల్లు ఉంటుంది, దాన్ని క్యాంపు అంటారు, అందులో సౌనా అనే వేడి ఆవిరి స్నానాల గది ఉంటుంది. ఎండ కాస్తున్నప్పుడు హాల్లో కూర్చోమంటే ఎవరు కూర్చుంటారు? సర్దడానికి పిలిచిన కుర్రాళ్లు కూడా చెరువుకే పోయారు. పాత ఫొటోలు తెచ్చిన ఇద్దరు అక్కాచెల్లెళ్లు వాటిని విప్పకుండానే ఇంటికి తీసుకువెళ్లారు. అదే పుస్తకం మరుసటి జనవరిలో బల్ల మీదికి వచ్చింది. బయట గాలివాన లాంటి మంచు, ఎవరికీ వెళ్లే చోటు లేదు. తొమ్మిది మంది దాని చుట్టూ మూగారు. గని కార్మికుల పూటకూళ్ల ఇంటి ముందు తీసిన ఫొటోలో, మెడకు గుడ్డ చుట్టుకున్న మనిషిని చూసి ఒకావిడ "మా తాత!" అంది. ఆ ఫొటో వెనక అప్పటిదాకా పేరు లేదు.

జూన్‌లో వచ్చేవారు ఎక్కువే. కూర్చునేవారు జనవరిలో ఎక్కువ.

తిండి విషయంలోనూ రెండు పక్షాలున్నాయి గాని అది త్వరగా తేలుతుంది. తలా ఒక వంటకం తెచ్చే విందును ఫిన్నిష్‌లో న్యూట్టికెస్తిత్ అంటారు. న్యూట్టి అంటే మూట. మూటల విందును నమ్ముకుంటే ఆరు పళ్లేల నిసు వస్తుంది, కూర ఒక్కటీ రాదు. నిసు అంటే ఏలకుల పొడి వేసిన తీపి రొట్టె. ఫిన్లాండ్‌లో దాన్ని ఇప్పుడు పుల్లా అంటున్నారు, ఇక్కడి వాళ్లు తాతల నాటి మాట వదల్లేదు. అంతా బయట వండిస్తే కడుపు నిండుతుంది గాని, ఎవరి వంటనూ ఎవరూ పొగడరు, సగం కబుర్లు అక్కడే ఆగిపోతాయి. మొయక్క అనే మాంసం పులుసును ఒక పెద్ద గంగాళం బయట చేయించి, మిగతాది ఇళ్లకు వదిలేయడం మాకు కుదిరింది. కాఫీ మాత్రం తలుపులు తీయకముందే కాగి ఉండాలి. ఫిన్నుల దగ్గర దానికి క్షమాపణ లేదు.

నాకు అప్పగించిన మరో పని, పేర్ల చీటీలు చూసి పెద్దలను పిలవడం. ఇక్కడ తెలుగు అక్కరకు వచ్చింది. ఫిన్నిష్‌లో తులి అంటే నిప్పు, తూలి అంటే గాలి, తుల్లి అంటే సుంకం. దీర్ఘం, ద్విత్వం తప్పితే అర్థమే మారిపోతుంది. పేర్లన్నీ నా చీటీలో తెలుగు లిపిలో రాసుకుని చదివితే, ఇంగ్లిష్ మాత్రమే వచ్చిన మనవల కంటే నేనే సరిగా పలికానని ఒక పెద్దాయన అన్నారు. మనవడు పక్కనే ఉన్నాడు పాపం.

ఈసారికి జనవరి ఖాయమైంది. చక్రాల కుర్చీల వారిని వెనక గుమ్మం నుంచి, మెట్లు లేని దారిన తేవాలనీ, ఫ్లోరిడా వాళ్ల కోసం జూన్‌లో చెరువు గట్టున ఉత్త కాఫీ మాత్రం పెట్టాలనీ అనుకున్నాం. ఉప్పు సంచీ, పార అడిగి మరీ నేను తీసుకున్నాను. గంటకొకసారి మెట్లు చూడమని ఫోనులో అలారం కూడా పెట్టుకున్నాను.