నక్కలగుట్టలో ఒక తెలంగాణ వంటకాల రెస్టారెంటు: వంటకూ వడ్డనకూ వంక లేదు, పేచీ అంతా బిల్లుతోనే

హన్మకొండ నక్కలగుట్టలో ఉన్న ఈ రెస్టారెంటుకు, డాలస్ నుండి సెలవులకు వచ్చిన మా అక్క కొడుకు కుటుంబాన్నీ, మా అమ్మనూ వెంటబెట్టుకొని ఒక ఆదివారం రాత్రి వెళ్లాను. బిల్లు మీద నాకు ఫిర్యాదు ఉన్నందున పేరు రాయడం లేదు.

ముందుగా తెప్పించిన సర్వపిండి అడుగు మాడకుండా, పల్లీలూ నువ్వులూ పంటికి తగిలేలా కరకరలాడుతూ వచ్చింది. బయట తిన్న సర్వపిండి ఇంట్లో చేసినట్టు ఉండటం అరుదు, ఇక్కడ అలాగే ఉంది. నాటుకోడి పులుసు చిక్కగా, కారంగా ఉండి జొన్న రొట్టెకు సరిగ్గా కుదిరింది. మటన్ బిర్యానీ మాత్రం సాధారణం, దాని కోసమే వెళ్లనవసరం లేదు.

వడ్డించిన యువకుడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అమ్మ నమలలేదని గమనించి, ఎవరూ అడగకముందే గిన్నెలోంచి మెత్తటి ముక్కలు ఏరి ఆమె పళ్లెంలో వేశాడు. రొట్టెలన్నీ ఒకేసారి తెచ్చి పడేయకుండా, ఒకటి తినడం పూర్తయ్యే వేళకు ఇంకొకటి పెనం మీది నుండి వేడిగా అందించాడు.

ఇక బిల్లు. భోజనం ధర రూ. 2,400, దాని కింద పది శాతం సర్వీస్ ఛార్జి రూ. 240, ఆ రెండూ కలిపిన రూ. 2,640 మీద ఐదు శాతం జీఎస్టీ రూ. 132, మొత్తం రూ. 2,772. సర్వీస్ ఛార్జి లేకపోతే కట్టవలసింది రూ. 2,520 మాత్రమే. సర్వీస్ ఛార్జిని బిల్లులో తమంతట తాము కలపకూడదనీ, దాన్ని కలిపిన మొత్తం మీద జీఎస్టీ వేయకూడదనీ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. రెస్టారెంట్ల సంఘాలు వాటిని సవాలు చేసినా, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. కౌంటరు దగ్గర అడిగితే "అది సిస్టంలనే పడుతది సార్" అన్నారు. రెండోసారి గట్టిగా అడిగిన తరువాత అదే సిస్టం ఆ 240 రూపాయలను క్షణంలో తీసివేసింది.

మా మేనల్లుడికి ఇదంతా వింతగా తోచింది. "అక్కడ పదిహేను, ఇరవై శాతం ఇయ్యకుంటే మొహం చూపలేం మామా, పదికే ఇంత లొల్లా?" అన్నాడు. అతని మాట అక్కడికి సరిపోతుంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం గంటకు కనీస వేతనం 7.25 డాలర్లు అయినా, టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని నేరుగా 2.13 డాలర్లు ఇస్తే చాలు, మిగిలినది టిప్పుల నుండి రావాలి, రాకపోతేనే యజమాని పూడ్చాలి. ఆ 2.13 అనే అంకె 1991 నుండి మారలేదు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు పూర్తి వేతనమే ఇప్పిస్తాయి గానీ, టెక్సాస్‌లో ఆ వెసులుబాటు లేదు. కాబట్టి డాలస్‌లో బల్ల మీద పెట్టే టిప్పు బహుమానం కాదు, జీతంలో ఒక భాగం. ఫ్రాన్స్‌లో సర్వీసును మెనూ ధరలోనే కలిపి చూపుతారు, ఆపైన ఇచ్చే చిల్లర ఇష్టాన్ని బట్టి. జపాన్‌లో టిప్పు ఇచ్చే ఆనవాయితీయే లేదు, మరిచిపోయారనుకొని వెనకాలే వచ్చి తిరిగి ఇచ్చినా ఆశ్చర్యపోనక్కరలేదు. బ్రిటన్‌లోనైతే 2024 అక్టోబర్ 1 నుండి టిప్పులనూ సర్వీస్ ఛార్జీలనూ యజమాని మిగుల్చుకోకుండా పూర్తిగా సిబ్బందికే పంచాలని చట్టం వచ్చింది.

ఈ రెస్టారెంటు వసూలు చేసే పది శాతం వీటిలో ఏ పద్ధతికీ చెందదు. వడ్డించిన యువకుడిని అడిగితే, నెల జీతం, గది, తిండి తప్ప ఆ ఛార్జిలో తనకేమీ ముట్టదని మెల్లగా చెప్పాడు. అంటే అమెరికా నుండి శాతాన్ని మాత్రమే తెచ్చుకొని, బ్రిటన్ పెట్టిన షరతును వదిలేశారు. ఆ డబ్బు నిజంగా అవసరమైతే ఫ్రాన్స్‌లో లాగా మెనూలోనే నాటుకోడి ధర పెంచి రాసుకోవచ్చు, నేను అభ్యంతరం చెప్పను.

టిప్పు ఇవ్వదలచినవారు నగదు వెంట తీసుకువెళ్లడం మంచిది. బల్ల మీది క్యూఆర్ కోడ్‌కు పంపితే సొమ్ము యజమాని ఖాతాలోకే పోతుంది. ఒకప్పుడు సోంపు, కలకండ పెట్టిన పళ్లెంలో మిగిలిన చిల్లర వదిలివచ్చేవాళ్లం, ఇప్పుడు జేబులో చిల్లరే ఉండటం లేదు. నేను ఆ యువకుడి చేతికే వంద రూపాయల నోటు ఇచ్చాను.

సర్వీస్ ఛార్జి వద్దని బిల్లు కొట్టకముందే చెప్పండి, తీసివేయడానికి ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఆదివారాలు ఎనిమిది దాటితే కారు నిలిపే చోటు దొరకదు.